కీళ్లవాతం మందుకు ముందు ఆ ప్రశ్న ఎందుకు?

కీళ్లవాతానికి, వాపును రగిలించే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ మొదలుపెట్టేముందు జాగ్రత్తగల డాక్టరు ఒక మాట అడుగుతారు: మీకు గానీ, రక్తసంబంధీకులకు గానీ మల్టిపుల్ స్క్లిరోసిస్ ఉందా? కీళ్లకూ మెదడుకూ ఏం సంబంధమని ఆశ్చర్యపోతాం. ఆ ప్రశ్న వెనక బెడిసికొట్టిన ఒక ప్రయోగం ఉంది.

మల్టిపుల్ స్క్లిరోసిస్ (ఎంఎస్)లో రోగనిరోధక కణాలు మెదడు, వెన్నుపాముల్లోని నరాల మీదుండే మైలిన్ తొడుగును కొరికేస్తాయి. ఆ కణాలు ఒకదానికొకటి కబురందించుకునే ప్రోటీన్లే సైటోకైన్లు. వాటిలో ఇంటర్‌ఫెరాన్‌ను 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనుగొన్నారు. అది వైరస్‌ను అడ్డుకుంటుంది. ఎంఎస్‌కు మూలం వైరసేమోనన్న అనుమానం అప్పటికే ఉంది కాబట్టి ఇచ్చి చూశారు. గామా రకాన్ని 18 మందికి నెలరోజులు ఇస్తే ఏడుగురికి జబ్బు తిరగబెట్టింది. ఆ ఫలితం 1987లో అచ్చయింది. బీటా రకం మాత్రం తిరగబెట్టడాన్ని తగ్గించి, 1993లో అమెరికాలో అనుమతి పొందింది. ఇంటిపేరు ఒకటే, గుణాలు వేరు.

మరో సైటోకైన్ అయిన టీఎన్‌ఎఫ్ విషయంలో, జబ్బును పెంచేది అదేననడానికి అసలు సందేహమే లేదనుకున్నారు. రోగుల మెదడులోని మచ్చల్లో అది కనిపించింది. జబ్బు ముదురుతున్నవారి వెన్నుపాము ద్రవంలోనూ ఎక్కువగా ఉందని 1991లో తేలింది. ఎలుకల్లో దాన్ని అడ్డుకుంటే జబ్బు రాలేదు. దోషి దొరికినట్టే! టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే లెనర్‌సెప్ట్ అనే మందును 168 మంది ఎంఎస్ రోగులపై పరీక్షించారు. 1999లో వెలువడిన ఫలితం చూసి అందరూ నివ్వెరపోయారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారికంటే అసలు మందు తీసుకున్నవారికే జబ్బు ఎక్కువసార్లు, తొందరగా తిరగబెట్టింది. ఎలుక మాట నమ్మి మనిషికి మందు కడితే ఇలాగే ఉంటుంది మరి.

టీఎన్‌ఎఫ్ కణాల మీద దాన్ని అందుకునే రెండు గ్రాహకాల ద్వారా పనిచేస్తుంది. మొదటిది వాపును రగిలిస్తే, రెండోది మైలిన్ మళ్లీ పెరగడానికి తోడ్పడుతుందని 2001లో (ఇదీ ఎలుకల్లోనే) చూశారు. లెనర్‌సెప్ట్ టీఎన్‌ఎఫ్‌నే పట్టేసింది కాబట్టి మంటతోపాటు మరమ్మతూ ఆగిపోయి ఉండొచ్చు.

2012లో ఇంకో ముడి వీడింది. ఎంఎస్ ముప్పును కాస్త పెంచే ఒక జన్యుభేదం ఉన్నవారిలో మొదటి గ్రాహకం ముక్క ఒకటి కణం మీద అతుక్కోకుండా బయట తిరుగుతూ టీఎన్‌ఎఫ్‌ను పట్టేస్తుందని కనుగొన్నారు. లెనర్‌సెప్ట్‌ను తయారుచేసింది కూడా ఆ గ్రాహకం ముక్కతోనే.