మొక్క ఇచ్చారు సరే, నీళ్లెవరు పోస్తారు?

వానలు మొదలవగానే విజయవాడలో మొక్కలు పంచడం మొదలవుతుంది. సొంత ఇల్లు, ముందు కాస్త జాగా ఉన్నవాళ్లు అడిగి మరీ తీసుకెళ్తారు. అద్దె పోర్షన్లలో ఉండేవాళ్లు వెనకాడితే మాత్రం, వాళ్లకి చెట్లంటే పట్టదని తేల్చేస్తారు. ఇది చాలా అన్యాయమైన మాట.

అమెరికాలోని డెట్రాయిట్‌లో 2011-14 మధ్య ఒక స్వచ్ఛంద సంస్థ ఇళ్ల ముందు ఉచితంగా చెట్లు నాటుతామంది. అర్హులైన 7,425 మందిలో దాదాపు 1,800 మంది వద్దన్నారు. కారణమేమిటో క్రిస్టీన్ కార్మైకేల్ అనే పరిశోధకురాలు జనాన్నే అడిగి తెలుసుకున్నారు. చెట్ల విలువ వాళ్లకు బాగానే తెలుసు. కానీ ఏ చెట్టు కావాలో తమనెవరూ అడగలేదు. ఆకులు ఊడ్వడం, కొమ్మలు కొట్టించడం చివరికి తమ నెత్తినే పడుతుందని తెలుసు. పాత చెట్లను నగరపాలక సంస్థ గాలికొదిలేయడం కళ్లారా చూశారు. 1967లో అక్కడ నల్లజాతివారికీ పోలీసులకూ మధ్య చెలరేగిన అల్లర్ల తర్వాత తమపై నిఘా కోసమే నగరపాలకులు చెట్లు నరికించారని నమ్మేవాళ్లూ ఉన్నారు.

మన ఊళ్లో కథ వేరు, చిక్కు అదే. పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఉండేవాళ్లు నాలుగైదేళ్లకి గానీ నీడనివ్వని వేపను ఏ ధైర్యంతో నాటుతారు? వేళ్లు ప్రహరీ గోడను పగలగొడతాయని ఓనరు ఒప్పుకోరు. ఒకసారి పెరిగాక కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి.

అన్నిటికన్నా పెద్ద సమస్య నీళ్లు. చిట్టినగర్ వైపు కొండ మీది ఇళ్లనే చూడండి. కుళాయి వచ్చినప్పుడు నింపిన బిందె చంకన పెట్టుకుని ఇరుకు మెట్లెక్కాలి. ఆ నీళ్లతోనే వంట, అంట్లు, స్నానాలు. ఎండలు 45 డిగ్రీలు తాకే మే నెలలో లేత మొక్కకు రెండు మూడు రోజులకోసారైనా బకెట్ నీళ్లు పడాలి. ఆ బకెట్ మోసేది దాదాపు ఎప్పుడూ ఆ ఇంటి ఆడమనిషే. మొక్క ఉచితమే, ఆవిడ నడుం నొప్పి లెక్కెవరు కడతారు? నిజానికి రేకుల కప్పు కింద ఉడికిపోయే ఆ కుటుంబానికే నీడ అందరికన్నా ఎక్కువ అవసరం.

అందుకే నాటిన మొక్కల సంఖ్య చెబితే నాకు తృప్తి ఉండదు. వేపా, కానుగా, మునగా, ఏది కావాలో ముందు వీధివాళ్లనే అడగాలి. మొదటి రెండు వేసవులూ ట్యాంకరు పంపాలి, లేదా ఆ వీధి డ్వాక్రా సంఘానికి కూలి కట్టి నీళ్లు పోయించాలి. కొమ్మ కరెంటు తీగ మీద పడితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు మొక్కతోపాటే ఇవ్వాలి.