నీలం ఆలస్యంగా పోతే ఎంజైమ్ నెమ్మదించినట్టేనా?

చిన్నా, బుజ్జీ,

మీ ప్రయోగం నోట్సు రెండుసార్లు చదివాను. 1 శాతం స్టార్చ్ ద్రావణంలో లాలాజలం కలిపారు. అర నిమిషానికోసారి ఒక్కో చుక్క తీసి, తెల్ల పలక మీద అయోడిన్‌తో కలిపి చూశారు. మొదట ముదురు నీలం, అంటే స్టార్చ్ ఇంకా ఉన్నట్టు. తర్వాత ఊదా, ఆ తర్వాత ఎర్రటి గోధుమరంగు. 4 నిమిషాలకు అయోడిన్ సొంత రంగు తప్ప ఏమీ మిగల్లేదు. లాలాజలం రెట్టింపు చేస్తే 2 నిమిషాలే పట్టింది. స్టార్చ్ రెట్టింపు చేస్తే మాత్రం 7 నిమిషాలు! "గాఢత పెరిగితే వేగం పెరగాలి కదా తాతయ్యా, ఎక్కడ తప్పు చేశాం?" అని టెన్షన్ పడుతూ అడిగారు.

తప్పేం చేయలేదు. మీరు కొలిచింది పని పూర్తవడానికి పట్టిన టైం, వేగం కాదు. స్టార్చ్ రెట్టింపైతే పనీ రెట్టింపే. వేగం అసలు మారకపోయి ఉంటే 8 నిమిషాలు పట్టాలి. 7కే అయిపోయిందంటే వేగం పెరిగినట్టే, కాకపోతే కొంచెమే పెరిగింది. ఆ కొంచెంలోనే అసలు సంగతి ఉంది.

లాలాజలంలో స్టార్చ్‌ను తెంపే ఎంజైమ్ (చర్యను వేగంగా నడిపే ప్రొటీన్) పేరు అమైలేజ్. దాని అణువుకు ఒక గుంటలాంటి చోటు ఉంటుంది. స్టార్చ్ గొలుసు అందులో ఇమిడితేనే తెగుతుంది. స్టార్చ్ పలచగా ఉంటే ఆ చోటు చాలాసేపు ఖాళీగా ఉంటుంది, గొలుసు వచ్చి తగిలేదాకా ఎదురుచూపే. అప్పుడు స్టార్చ్ పెంచితే వేగం చకచకా పెరుగుతుంది. పెంచుతూ పోతే ఒక దశలో ఒక గొలుసు తెగి బయటికి రాగానే ఇంకొకటి లోపలికి వచ్చేస్తుంది. ఖాళీ అన్నదే ఉండదు. ఇక ఎంత స్టార్చ్ పోసినా ఉపయోగం లేదు, గ్రాఫ్‌లో గీత వంగి చదునవుతుంది. అక్కడ వేగం పెరగాలంటే ఎంజైమే పెరగాలి.

1913లో మైకేలిస్, మాడ్ మెంటెన్ అనే శాస్త్రవేత్తలు పంచదారను విడగొట్టే ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ మీద ఈ లెక్క తేల్చారు. వాళ్లు చూసింది చర్య మొదట్లోని వేగాన్నే. నాకు ఆ తెలివి ఎంతో నచ్చుతుంది. ఎందుకంటే చర్య సాగేకొద్దీ పంచదార తరిగిపోతుంది, పుట్టిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అడ్డు తగులుతాయి. గరిష్ఠ వేగంలో సగం రావడానికి ఎంత గాఢత కావాలో, దాన్నే ఈరోజు మైకేలిస్ స్థిరాంకం అంటున్నాం. అది చిన్నదైతే కొద్దిపాటి పదార్థంతోనే ఎంజైమ్ మంచి వేగం అందుకుంటుంది.

ఈ అంకె మీ ఒంట్లో ఏం చేస్తుందో చూడండి. గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ తగిలించే పని మెదడులో హెక్సోకైనేజ్‌ది, కాలేయంలో గ్లూకోకైనేజ్‌ది. హెక్సోకైనేజ్‌కు సగం వేగం 0.1 మిల్లీమోలార్ (గాఢతను కొలిచే ప్రమాణం) లోపే వచ్చేస్తుంది. పరగడుపున కూడా రక్తంలో గ్లూకోజ్ దాదాపు 5 మిల్లీమోలార్ ఉంటుంది కాబట్టి, చక్కెర కాస్త అటూఇటూ అయినా మెదడులో ఆ పని కుంటుపడదు. గ్లూకోకైనేజ్‌కు సగం వేగం రావాలంటే దాదాపు 8 మిల్లీమోలార్ కావాలి. అందుకే భోజనం చేశాక చక్కెర పెరిగేకొద్దీ అది జోరందుకుంటుంది, చక్కెర తగ్గితే తగ్గుతుంది. మెదడు తీసుకోగా మిగిలిందే కాలేయం దాచుకుంటుందన్నమాట. రెండూ చేసేది ఒకే పని, ముఖ్యమైన తేడా ఆ అంకెలోనే. ఎన్నేళ్లు పాఠం చెప్పినా ఈ భాగం దగ్గరికి రాగానే నాకు ఒళ్లు పులకరించేది.

ఈసారి స్టార్చ్, లాలాజలం రెండింటి గాఢతా రెట్టింపు చేసి చూడండి. నీళ్ల వేడి మాత్రం మారనివ్వకండి. నీలం పోవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ముందే లెక్కగట్టి నోట్సులో రాసుకుని, ఆ తర్వాతే మొదటి చుక్క తీయండి. రెండు అంకెలూ నాకు రాసి పంపండి.

మీ తాతయ్య