కూస్తో నేవీ రోజులు: 15 సెంటీమీటర్ల తేడా

జాక్ కూస్తో అంటే చాలామందికి ఎర్ర టోపీ, కాలిప్సో షిప్పు, టీవీలో వచ్చిన సముద్రం డాక్యుమెంటరీలు గుర్తొస్తాయి, కానీ అంతకంటే ముందు ఈయన ఫ్రెంచ్ నేవీ ఆఫీసర్, డైవర్. నన్నడిగితే తర్వాత సముద్రం కోసం చేసిన పోరాటానికి బలమంతా ఆ నేవీ రోజుల నుంచే వచ్చింది.

అసలు నేవీలో పైలట్ అవుదామనుకున్నాడు. 1936లో కారు యాక్సిడెంట్లో చేతులు విరిగి ఆ ఆశ పోయింది. ఫ్రెంచ్ నేవీ రేవు తూలాన్‌లో ఉన్నప్పుడు చేతులకి బలం రావాలని సముద్రంలో ఈత కొట్టేవాడు, తైయే అనే తోటి ఆఫీసర్ నీళ్ళలో చూసే కళ్ళద్దాలు ఇచ్చాడు, ఇంక అక్కడి నుంచి ధ్యాసంతా నీళ్ళ మీదే.

సమస్యల్లా ఊపిరి. పొడుగు గొట్టం నోట్లో పెట్టుకుని పీలిస్తే సరిపోదా అనిపిస్తుంది గానీ ఒక మీటరు లోతుకి దిగేసరికే నీళ్ళు ఛాతీని నొక్కేస్తాయి, పైనున్న గాలిని లోపలికి లాక్కోవడం మన వల్ల కాదు. ప్రతి 10 మీటర్లకి ఒక అట్మాస్ఫియర్, అంటే నేల మీద గాలి మనల్ని నొక్కేంత ప్రెషర్, పెరుగుతుంది కాబట్టి ఎంత లోతులో ఉంటే గాలి కూడా అంత ప్రెషర్‌తోనే అందాలి. కూస్తో ముందు ప్యూర్ ఆక్సిజన్‌తో ట్రై చేశాడు, సుమారు 13 మీటర్ల దగ్గర ఫిట్స్ వచ్చి చావు తప్పింది, ఎందుకంటే ప్రెషర్ పెరిగితే ఆక్సిజనే నరాల మీద విషంలా పనిచేస్తుంది.

యుద్ధం టైమ్‌లో ఫ్రాన్స్‌లో పెట్రోల్ దొరక్క కార్లు గ్యాస్‌తో నడిపేవాళ్ళు, ఆ గ్యాస్ ఇంజిన్‌కి ఎంత కావాలో అంతే వదిలే వాల్వ్ మీద ఎమిల్ గాన్యాన్ అనే ఇంజినీర్ పనిచేస్తున్నాడు, కూస్తో, గాన్యాన్ కలిసి అదే డైవర్‌కి పనికొచ్చేలా మార్చారు. 1943లో మార్న్ నదిలో టెస్ట్. పడుకుని ఈదితే బాగానే ఉంది, నిలబడితే గాలి బుసబుసా వృథాగా పోతోంది, తలకిందులైతే ఊపిరే అందట్లేదు! చూస్తే వదిలిన గాలి బయటికెళ్ళే చోటు, గాలి అందించే వాల్వ్ కంటే 15 సెంటీమీటర్లు దూరంగా ఉంది. మనిషి నిలబడగానే అది పైకొచ్చేది, అక్కడ ప్రెషర్ కొంచెం తక్కువ, అందుకే లీకు. రెండూ పక్కపక్కన పెట్టారు, పని అయిపోయింది. నాకైతే ఈ కథలో అన్నిటికంటే నచ్చే ముక్క ఇదే, అంత చిన్న తేడాని నీళ్ళు పట్టేసుకున్నాయి.

2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు నేవీ డైవర్లు వచ్చారు కదా, ఇవాళ వాళ్ళలాంటి డైవర్లు వీపున కట్టుకునే సిలిండర్ సెట్టు వెనకున్నది, చుట్టూ ఉన్న నీళ్ళ ప్రెషర్‌తోనే గాలి అందించే ఈ సూత్రమే.

యుద్ధం అయ్యాక 1945లో నేవీ తూలాన్‌లో డైవింగ్ రీసెర్చ్ గ్రూప్ పెట్టింది, కూస్తో, తైయే, వాళ్ళ తోటి డైవర్ ద్యుమా అందులో ముఖ్యులు. సముద్రంలో మిగిలిపోయిన మైన్లు, అంటే యుద్ధంలో పెట్టిన బాంబులు తీయడం లాంటి ప్రమాదం పనులు, వాటితో పాటు మనిషి శరీరం ఎంత లోతు తట్టుకుంటుందో తెలుసుకోవడం. 1946లో ఫ్రాన్స్‌లోని వోక్లూజ్ అనే లోతైన ఊటలోకి కూస్తో, ద్యుమా దిగితే స్పృహ తప్పబోయింది, కంప్రెసర్ తన పొగనే లోపలికి లాక్కుని సిలిండర్‌లో కార్బన్ మోనాక్సైడ్ నింపిందని తర్వాత తేలింది. 1947లో ఆ గ్రూప్‌లోని డైవర్ మోరిస్ ఫార్గ్ 120 మీటర్లు దిగి ప్రాణాలతో తిరిగి రాలేదు. అంత లోతులో నైట్రోజన్ తాగిన మత్తులాంటిది తెస్తుంది, మనిషికి తను ప్రమాదంలో ఉన్నాననే తెలీదు. మనం ఇవాళ ఎంత లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే టేబుల్స్ చూసి సేఫ్‌గా దిగుతున్నామంటే ఇలాంటివాళ్ళ ప్రాణాలు అందులో ఉన్నాయి.

మొదట్లో కూస్తో కూడా ఈటెలతో చేపల్ని వేటాడినవాడే, ఆ మాట దాచక్కర్లేదు. కానీ ఒకే సముద్రాన్ని ఏళ్ళ తరబడి లోపల్నుంచి చూసినవాడు, చేపలు తగ్గిపోవడం కళ్ళారా తెలిసినవాడు. అందుకే 1960లో ఫ్రాన్స్ అణు వ్యర్థాల్ని మధ్యధరాలో పడేస్తామన్నప్పుడు గట్టిగా ఎదురు తిరిగాడు, జనం కూడా కదిలారు, ప్లాన్ ఆగింది. 1973లో సముద్రాన్ని కాపాడేందుకు సొంత సొసైటీ, 1985లో అమెరికా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్, 1988లో పర్యావరణం కోసం పనిచేసేవాళ్ళకి ఐక్యరాజ్యసమితి ఇచ్చే గ్లోబల్ 500 గౌరవం. అప్పటికి వయసు 78, అయినా ఆగకుండా అంటార్కిటికాలో మైనింగ్ వద్దని సంతకాలు సేకరించడం మొదలుపెట్టాడు, 1991లో మాడ్రిడ్‌లో దేశాలు ఆ నిషేధం మీద సంతకం పెట్టాయి.