80 దగ్గర ఆగిపోయే కారు: ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది

మా బావగారు పోయిన సంక్రాంతికి ముందు సెకండ్ హ్యాండ్‌లో 2018 మోడల్ కారు కొన్నారు. తాడేపల్లిగూడెం దాటి తణుకు వైపు హైవే ఎక్కాక స్పీడు ముల్లు 80 దగ్గరికి వచ్చి అక్కడే నిలబడిపోయింది, యాక్సిలరేటర్ నేలకి ఆనేదాకా తొక్కినా కదల్లేదు. ఇంజన్ దగ్గలేదు, కుదుపు లేదు. అప్పటికే లారీ పక్కన సగం దాటి ఉన్నాం కాబట్టి నాకైతే ఒళ్లు చల్లబడింది. రావులపాలెంలో తెలిసిన మెకానిక్ డ్యాష్‌బోర్డు కింద టార్చి వేసి వెతికి, స్పీడు ఆపే డబ్బా ఏదీ కనిపించక, "ఆయ్, ఇది కంపెనీ నుంచే వచ్చిందండి, కంప్యూటర్‌లోనే ఉంటది, ట్యాక్సీగా తిరిగిన బండి" అన్నాడు. పేపర్లు సొంత వాడకానికి మారాయి గానీ లోపల ప్రోగ్రామ్ మారలేదు. అమ్మినవాళ్లు ఆ ముక్క చెప్పలేదు.

అప్పుడే నాకు ఈ అంకెల సంగతేంటో చూడాలనిపించింది.

అంబాసిడర్‌కి గానీ, పాత ఫియట్‌కి గానీ, 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కి గానీ ఇలాంటి కళ్లెం లేదు. కార్బొరేటర్ బళ్లలో పెట్రోలు ఆపమని చెప్పడానికి కంప్యూటరే లేదు కదా. ఇంజన్‌కి ఎంత సత్తా ఉంటే అంతే స్పీడు. మారుతి 800 ఇంజన్ 796 సీసీ, 40 గుర్రాల శక్తి కూడా లేదు. గాలి అడ్డుకునే బలం స్పీడు పెరిగేకొద్దీ వర్గం లెక్కన పెరుగుతుంది, దాన్ని తోసుకుని వెళ్లడానికి కావాల్సిన శక్తి ఘనం లెక్కన పెరుగుతుంది. అంటే 80 నుంచి 120కి వెళ్లాలంటే గాలిని చీల్చడానికే మూడు రెట్ల పైగా శక్తి కావాలి. అంత శక్తి చిన్న ఇంజన్ ఎక్కడి నుంచి తెస్తుంది? పైగా స్పీడు పెరిగితే ఆ బళ్లే చెప్పేసేవి, స్టీరింగ్ వణికేది, అద్దాలు గలగలలాడేవి, డ్రైవరు తనంతట తానే కాలు తీసేవాడు. ఇప్పటి కార్లో 110లో కూడా ఇంట్లో కూర్చున్నట్టే ఉంటుంది. నా దృష్టిలో అసలు ప్రమాదం అక్కడే ఉంది.

కళ్లెం ఆలోచన మాత్రం చాలా పాతది. మన లారీ డ్రైవర్లు ఇప్పటికీ దీన్ని 'గవర్నర్' అనే అంటారు, ఆ పేరు ఆవిరి ఇంజన్ల కాలం నాటిది, 1788లో జేమ్స్ వాట్ తన ఇంజన్‌కి తిరిగే గుండ్లతో పనిచేసే గవర్నర్ పెట్టాడు. డీజిల్ ఇంజన్‌కి అది లేకపోతే గడవదు, డీజిల్ అందేకొద్దీ ఇంజన్ పగిలేదాకా తిరుగుతుంది. అక్కడ గవర్నర్ కాపాడేది ఇంజన్‌నే. మనుషుల కోసం కార్లకు పెట్టాలన్న ప్రయత్నం 1923లో అమెరికాలోని సిన్సినాటిలో జరిగింది, ఊళ్లోని ప్రతి కారూ గంటకు 25 మైళ్లు దాటకుండా చేయాలని జనం సంతకాలు పెట్టి ఓటింగుకు తెచ్చారు. కార్ల వ్యాపారులు గట్టిగా ప్రచారం చేసి ఓడించారు.

తర్వాత వచ్చిన లిమిట్లు చాలావరకు కంపెనీల మధ్య ఒప్పందాలే. జపాన్‌లో కార్లన్నీ గంటకు 180 కిలోమీటర్ల దగ్గర ఆగిపోవాలని కంపెనీలే ఒప్పుకున్నాయి, చిన్న 'కే' కార్లకు 140. 105 దాటితే గంట మోగే పద్ధతి కూడా అక్కడ కొన్నాళ్లు ఉండేది. 2007లో వచ్చిన నిస్సాన్ జీటీ-ఆర్ అయితే తాను రేసు ట్రాక్ మీద ఉన్నానని జీపీఎస్‌తో గుర్తుపట్టినప్పుడే ఆ 180 కళ్లెం తీయనిస్తుంది. జర్మనీలో 250. 1987లో వచ్చిన బీఎండబ్ల్యూ పన్నెండు సిలిండర్ల 7 సిరీస్‌తో అది మొదలైంది, హైవేల మీద ప్రభుత్వమే లిమిట్ పెడుతుందేమోనన్న భయం అప్పుడు కంపెనీలకు ఉండేది. ఈ అంకెలు చూస్తే నాకు అనిపించేది ఒక్కటే, వీటిలో ఏదీ రోడ్డు మీద నడిచే మనిషిని చూసి పెట్టింది కాదు.

టైర్ల సంగతి వేరు, అది నిజమైన కారణం. మీ బండి టైరు పక్కన 155/80 ఆర్13 79టీ లాంటి అంకెలు ఉంటాయి, చివరి అక్షరమే ఆ టైరు ఓర్చుకునే స్పీడు. ఎస్ అయితే 180, టీ అయితే 190, హెచ్ అయితే 210. అది దాటితే టైరు వేడెక్కి విచ్చుకుపోతుంది, అందుకే చాలా కంపెనీలు ఆ అక్షరానికి లోపలే స్పీడు కట్ చేస్తాయి. కానీ ఆ అక్షరం కొత్త టైరుకి, సరైన గాలికి చెప్పిన మాట. బావగారి బండి టైరు మీద గుడ్డతో తుడిచి చూస్తే చిన్న గడిలో 1017 అని ఉంది, అంటే 2017లో పదో వారం. గాట్ల మధ్య సన్నగా పగుళ్లు. మే నెల ఎండలో ఆ టైరు మీద 120 అంటే నాకు 80 లిమిటే నయం అనిపించింది.

మన దగ్గర 80 ఎలా వచ్చిందంటే, 2015 ఏప్రిల్‌లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 118వ నిబంధనని మార్చారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి తయారయ్యే రవాణా వాహనాలకు కంపెనీలోనే 80 లిమిట్, స్కూలు బస్సులకు, ట్యాంకర్లకు, డంపర్లకు 60. చిన్న ప్యాసింజర్ బళ్లకు మొదట మినహాయింపు ఉండేది, తర్వాత ట్యాక్సీలకూ ఆ లిమిట్ వచ్చింది. సొంత కార్లకు లిమిటర్ లేదు, 2019 జులై నుంచి 80 దాటితే అప్పుడప్పుడూ, 120 దాటితే ఆగకుండా బీప్ మాత్రం ఉంది. పాత వ్యాన్లకు మాత్రం బయటి నుంచి డబ్బా బిగించారు. మెకానిక్ దగ్గర అలాంటిదొకటి చూశాను, సీసం సీలు తెగి, యాక్సిలరేటర్ వైరు కోసి మళ్లీ నల్ల టేపు చుట్టి ఉంది. ఫిట్‌నెస్ రోజున బ్రేకు ఇన్‌స్పెక్టర్‌కి చూపించి మర్నాడే పీకేశారట. ఆ టేపు జాయింటు వదులైతే నడిరోడ్డు మీద పికప్ మొత్తం పోతుంది, దయచేసి ఎవరూ అలా చేయకండి.

ఇక 80 లిమిట్‌తో హైవేలో ఇబ్బంది లేదని నేను అనను. 75లో వెళ్తున్న లారీని 80లో దాటాలంటే తేడా సెకనుకి మీటరున్నర కూడా ఉండదు, వెనక నుంచి ముందుకు రావడానికి 50 మీటర్లు కావాలనుకుంటే 36 సెకన్లు పడుతుంది, ఈలోగా 800 మీటర్లు పోతాం. నాలుగు లైన్ల హైవేలో ఎలాగో సర్దుకోవచ్చు. రెండు లైన్ల 216 హైవేలో అమలాపురం వైపు అదే పని చేస్తే ఎదురుగా వచ్చేవాడి పరిస్థితి ఏంటి? అందుకే బావగారికి చెప్పాను, ఈ బండితో ఓవర్‌టేక్ ఆలోచనే పెట్టుకోవద్దని.

కాలువ గట్టు రోడ్ల మీదైతే 80 కూడా చాలా ఎక్కువ. ఒక పక్క నిండు కాలువ, ఇంకో పక్క చేలు, ఎక్కడో తప్ప రెయిలింగ్ ఉండదు, కోతల రోజుల్లో వడ్లు సగం రోడ్డు మీదే ఆరబోస్తారు. టైరు వాటి మీదికి ఎక్కితే బ్రేకు పట్టదు. ఏ కంపెనీ ప్రోగ్రామ్‌కీ, ఏ దేశం ఒప్పందానికీ ఈ రోడ్డు తెలియదు.

పేపర్లు సొంత వాడకానికే ఉన్నాయి కాబట్టి వాటిని తీసుకెళ్లి కంపెనీ సర్వీసు సెంటర్‌లోనే అడుగుతానన్నారు బావగారు, బయట ఎవరి చేతా కంప్యూటర్ ముట్టించనన్నారు. ముందు నాలుగు టైర్లూ మార్పించారు. రాత్రి అత్తిలి వెళ్లేటప్పుడు గట్టు మీద 40 దాటడం లేదు, పక్క సీట్లో మా అక్క ముల్లు చూస్తూనే ఉంటుంది.