పక్క జిల్లాలో కేసులు తక్కువంటే జబ్బు తక్కువనేనా?

వానలు మొదలయ్యాయంటే నాకు ఒకే రకం ఫోన్లు. "సార్, మన జిల్లాలో డెంగీ కేసులు వందలకొద్దీ అట, పక్క జిల్లాలో పదో పన్నెండో. పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపేయమంటారా?" జబ్బుల లెక్కలు చూసే జిల్లా సర్వైలెన్స్ యూనిట్‌లో పనిచేస్తాను కాబట్టి నన్నే అడుగుతారు. అడిగినవాళ్లను నేను తప్పుపట్టను, ఇంట్లో చంటిపిల్లలుంటే ఎవరికైనా టెన్షనే. నా కోపమల్లా ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి "డేంజర్ జిల్లా" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ల మీద.

అపోహ: కేసులు ఎక్కువున్న చోటే జబ్బు ఎక్కువ.

వాస్తవం: పరీక్ష చేసిన చోట కేసు బయటపడుతుంది. డెంగీ ఎలైజా అనే ల్యాబ్ రక్తపరీక్షలో తేలితేనే మా లెక్కలోకి వస్తుంది, అప్పటికప్పుడు చూసే రాపిడ్ కిట్ పాజిటివ్ చాలదు. ఎలైజా ల్యాబ్ దగ్గరున్న మండలాల నుంచి నమూనాలు బాగా వస్తాయి. కొండమీది ఊళ్ల నుంచి అన్ని రావు. రాని నమూనా కాగితం మీద సున్నా అవుతుంది.

కోవిడ్ కాలంలో ఈ పొరపాటు దేశమంతా చేసింది. 2021 జులై, ఆగస్టు నెలల్లో దేశంలో రోజూ వచ్చే కొత్త కేసుల్లో సగం దాకా, ఆగస్టు చివర్లో అంతకంటే ఎక్కువే కేరళవి. కేరళ చేతులెత్తేసిందని ఎన్ని మాటలన్నారో! అప్పుడే కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ నాలుగో విడత సీరో సర్వే ఫలితాలు వచ్చాయి. వైరస్ సోకినవాళ్ల రక్తంలో మిగిలే యాంటీబాడీల కోసం జనాన్ని పరీక్షించే సర్వే అది. యాంటీబాడీలున్నవాళ్లు మధ్యప్రదేశ్‌లో 79 శాతం, మన ఆంధ్రప్రదేశ్‌లో 70 శాతం, కేరళలో 44 శాతం. టీకా వేసుకున్నా యాంటీబాడీలు వస్తాయి, నిజమే. కానీ టీకాల్లో కేరళ అప్పటికే మధ్యప్రదేశ్ కంటే ముందుంది. అంటే వైరస్ ఎక్కువమందిని చుట్టేసింది మిగతాచోట్ల, లెక్కకు ఎక్కువ చిక్కింది కేరళలో.

నేను చూసింది ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఒక సిస్టర్ ఉండేది. ఇల్లిల్లూ తిరిగి, వచ్చిన ప్రతి జ్వరమూ మాకు పంపే ఎస్ ఫారంలో రాసేది, మలేరియా పరీక్షకు రక్తం స్లైడ్లు తీసి పంపేది. రివ్యూ మీటింగ్‌లో ఆ పీహెచ్‌సీ వాళ్లను లేపి నిలబెట్టి "మీ దగ్గరే ఎందుకిన్ని జ్వరాలు?" అని అడిగారు. సున్నాలు పంపిన పక్క పీహెచ్‌సీకి చప్పట్లు కొట్టారు. మరుసటి నెల ఆమె పంపిన జ్వరాలు సగానికి సగం తగ్గిపోయాయి. వెళ్లి అడిగితే, "రాస్తే తిట్లు, రాయకపోతే మెప్పు. నన్నేం చేయమంటారు సార్?" అంది. ఆ మీటింగ్‌లో నేనూ ఉన్నాను, అడ్డుపడి మాట్లాడలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఆ చప్పట్లు కొట్టించుకున్న పీహెచ్‌సీ పరిధిలోనే ఓ గూడెంలో ఇంటికొకరు చొప్పున మలేరియాతో పడి ఉన్నారని నెల తిరక్కముందే తెలిసింది. దోమల మందు కొట్టే స్ప్రే బృందాలు అంకెల్ని చూసే కదులుతాయి. సున్నా ఉన్న ఊరికి ఎవరొస్తారు? అందుకే ఈ అపోహంటే నాకు అంత మంట. ఎక్కువ అంకె చూసి జనం భయపడతారు, తక్కువ అంకె చూసి మేం వెళ్లడం మానేస్తాం.

అపోహ: మరణాల రేటు ఎక్కువున్న రాష్ట్రంలో వైద్యం బాగోలేదు.

జనన మరణాల మీద కేంద్రం చేసే నమూనా సర్వే ఎస్ఆర్ఎస్ 2020 ప్రకారం వెయ్యి మందికి కేరళలో ఏడాదికి 7 మరణాలు, బీహార్‌లో 5.4. కేరళలో ముసలివాళ్లు ఎక్కువ, అంతే. పుట్టిన ప్రతి వెయ్యిమందిలో ఏడాది నిండకుండా చనిపోయే పిల్లల లెక్క, అంటే శిశుమరణాల రేటు చూడండి: కేరళలో 6, బీహార్‌లో 27. వయసుల తేడా సరిచేయకుండా పోల్చిన మరణాల రేటు ఎవరు చూపించినా నమ్మకండి.

అపోహ: ఈ ఊళ్లోనే ఎక్కువమంది చనిపోతున్నారు.

మన దగ్గర మరణం జరిగిన చోటే నమోదవుతుంది. విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి శ్రీకాకుళం నుంచీ వస్తారు, ఒడిశా నుంచీ వస్తారు. దక్కని ప్రాణాలన్నీ విశాఖ లెక్కలోనే పడతాయి.

అపోహ: అయితే తేడాలన్నీ లెక్కల మాయే.

కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి నిజం. అక్కడ ఆసుపత్రికి వచ్చినవాళ్లను కాదు, ఊళ్లలో జనాన్ని ఎంచుకుని పరీక్షించారు. పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు కనిపించింది. కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు, నీళ్లే అని ఒట్టేసి చెప్పేవాళ్ల మాట పట్టుకోకండి.

కిందటేడు ఒకావిడ అడిగింది, ఉద్దానంలోని కవిటి వైపు నుంచి మంచి సంబంధం వచ్చింది, పిల్లనివ్వచ్చా అని. గొంతులో వణుకు తెలుస్తూనే ఉంది. అది అంటుజబ్బు కాదమ్మా, ఊరిపేరు చూసి వద్దనుకోకండి, అబ్బాయికే కాదు, ఆ ఇంట్లో పెద్దవాళ్లందరికీ ఒకసారి కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష, సీరం క్రియాటినిన్ చూపించుకోమనండి అని చెప్పాను. ఇరవై రోజులకు మళ్లీ ఫోన్ చేసింది. అబ్బాయికి బాగానే ఉంది. వాళ్ల నాన్నగారికి 2.1 వచ్చిందట, ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ, అన్నాళ్లూ ఆయనకేమీ తెలియలేదు. మందులు మొదలుపెట్టారు. పెళ్లి మాఘంలో పెట్టుకున్నారు.