800 మీటర్ల రన్నర్ మారథాన్ రికార్డు ఎలా కొట్టింది?

2023 సెప్టెంబరు 24న బెర్లిన్‌లో ఇథియోపియా రన్నర్ టిగిస్ట్ అసెఫా 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లలో మారథాన్ పూర్తి చేసింది. అప్పటివరకు మహిళల ప్రపంచ రికార్డు కెన్యాకు చెందిన బ్రిజిడ్ కోస్గీ పేరిట ఉండేది: 2:14:04. ఒక్క రేసుతో రెండు నిమిషాలకు పైగా కోత పడిందన్నమాట. కోస్గీ తన రికార్డు వేగంతోనే పక్కన పరిగెత్తి ఉన్నా, టిగిస్ట్ గీత దాటేసరికి ఇంకా ఇంచుమించు 700 మీటర్లు వెనక ఉండేది.

ఆ అంకె కంటే ఆమె అక్కడిదాకా వచ్చిన దారి నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. టిగిస్ట్ మొదట్లో దూరపు పరుగు మనిషే కాదు. ట్రాక్ మీద రెండు రౌండ్లు, అంటే 800 మీటర్లు, ఆమె ఈవెంట్. 2014లో లొసాన్‌లో దాన్ని 1:59.24లో పూర్తి చేసింది. 2016 రియో ఒలింపిక్స్‌లోనూ 800లోనే దిగి, మొదటి రౌండ్ దగ్గరే ఆగిపోయింది. ఆపైన అకిలీస్ టెండన్ గాయం. మడమను పిక్కతో కలిపే ఈ స్నాయువు మీద స్పైక్ బూట్లతో పరిగెత్తేటప్పుడు చాలా భారం పడుతుంది. 2018లో ఆమె ట్రాక్ వదిలి రోడ్డు పరుగులకు మారింది. 2022 మార్చిలో రియాద్‌లో మొదటి మారథాన్: 2:34:01. ఆరు నెలలకే బెర్లిన్‌లో 2:15:37. మరుసటి ఏడాది అదే ఊళ్లో ప్రపంచ రికార్డు.

వేగం వేరు, ఓర్పు వేరు అని మనం అనుకుంటాం. 800కూ మారథాన్‌కూ దూరంలో యాభై రెట్లకు పైగా తేడా ఉంది కాబట్టి ఆ రెండూ వేర్వేరు శరీరాలకు చెందిన పనులనిపిస్తుంది. శరీర శాస్త్రం అంత గట్టి గీత గీయదు. 800 పరుగు రెండు నిమిషాల పని. అందులో కూడా దాదాపు మూడింట రెండు వంతుల శక్తి ఆక్సిజన్ సాయంతోనే పుడుతుంది. మిగతాది ఆక్సిజన్ లేకుండా కండరాలు అప్పటికప్పుడు తయారుచేసుకునేది. మారథాన్‌లో దాదాపు మొత్తం ఆక్సిజన్ మీదే నడుస్తుంది. కాబట్టి 800 కోసం పెంచుకున్న గుండె, ఊపిరి మారథాన్‌కు వృథా పోవు.

లెక్క వేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 800లో టిగిస్ట్ సగటు వేగం గంటకు 24 కిలోమీటర్లు. బెర్లిన్‌లో 19.2. జిమ్‌లో ట్రెడ్‌మిల్‌ను 19 మీద పెడితే మనలో చాలామంది ఒక్క నిమిషం నిలబడలేం. ఆమెకు మాత్రం అది తన పాత వేగంలో ఐదింట నాలుగు వంతులే. వేగంలో ఉన్న ఈ మిగులు ఆమెకు పెద్ద ఆస్తి. ప్రపంచ రికార్డు పరుగులో మొదటి సగం 66 నిమిషాల 20 సెకన్లు, రెండో సగం 65 నిమిషాల 33 సెకన్లు. అలసట పెరిగే కొద్దీ వేగం పెరిగింది!

మారథాన్ వేగాన్ని ప్రధానంగా మూడు విషయాలు నిర్ణయిస్తాయి. శరీరం గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదు, అందులో ఎంత శాతాన్ని రెండు గంటలకు పైగా నిలుపుకోగలదు, ఒక్కో కిలోమీటరుకు ఎంత ఆక్సిజన్ ఖర్చు పెడుతుంది. ఈ మూడోదాన్ని రన్నింగ్ ఎకానమీ అంటారు. ఇద్దరు రన్నర్లకు గుండె సామర్థ్యం సమానంగా ఉన్నా, తక్కువ ఆక్సిజన్‌తో అదే వేగం సాధించేవారు ముందుంటారు. ఇక్కడ అకిలీస్ టెండన్ పాత్ర పెద్దది. పాదం నేలను తాకినప్పుడు అది సాగి శక్తిని దాచుకుంటుంది, నేల వదిలేటప్పుడు తిరిగి ఇస్తుంది. ఏ స్నాయువు ఆమెను ట్రాక్ నుంచి తప్పించిందో, మారథాన్‌లో అడుగడుగునా శక్తిని ఆదా చేసేదీ అదే.

ఇక ఇంధనం. కిలో బరువుకు కిలోమీటరుకు ఇంచుమించు ఒక కిలోకాలరీ ఖర్చవుతుంది. 50 కిలోల మనిషి మారథాన్‌కు 2,100 దాకా కావాలి. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ (శరీరం దాచుకునే చక్కెర) రూపంలో ఉండే నిల్వ 2,000 కిలోకాలరీల అటూ ఇటూ. కొవ్వు ఎంతో ఉన్నా, ఆ వేగానికి సరిపడేంత త్వరగా కరగదు. అందుకే దారి పొడవునా సీసాల్లో చక్కెర ద్రవం తాగుతూ పరిగెత్తుతారు.

ఇథియోపియా అనగానే అందరూ చెప్పేది ఎత్తైన నేల గురించి. అడిస్ అబాబా సముద్రమట్టానికి 2,300 మీటర్లకు పైనే ఉంది. అక్కడ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు, గాలి ఒత్తిడి తగ్గుతుంది. దాంతో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ తక్కువ. కిడ్నీలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేసి ఎర్ర రక్తకణాలను పెంచుతాయి. అయితే ఎత్తు ఒక్కటే కారణమైతే ఆండీస్, టిబెట్ నుంచి కూడా ఇంతమంది ఛాంపియన్లు రావాలి కదా! పైగా 3,500 మీటర్ల ఎత్తున ఉండే కొందరు ఇథియోపియన్లలో హిమోగ్లోబిన్, అంటే రక్తంలో ఆక్సిజన్‌ను మోసే పదార్థం, సముద్రతీర వాసులకు దగ్గరగానే ఉన్నట్టు పరిశోధకులు గమనించారు. అదే ఎత్తున ఆండీస్ వాళ్లలో అది బాగా ఎక్కువ. ఒక దేశపు విజయాలను కొండ గాలికి వదిలేస్తే, 1992లో బార్సిలోనాలో 10,000 మీటర్ల స్వర్ణం గెలిచిన డెరార్టు తులు నుంచి టిరునేష్ డిబాబా మీదుగా వచ్చిన సంప్రదాయం, కోచ్‌లు, ఏళ్ల తరబడి గుంపుగా చేసే సాధన అన్నీ కనబడకుండా పోతాయి. ఇది నాకు నచ్చని వివరణ.

బూట్ల సంగతీ చెప్పాలి. బెర్లిన్‌లో ఆమె వేసుకున్న అడిడాస్ జత ఒక్కో బూటు 138 గ్రాములే. బూటుకు 100 గ్రాముల బరువు తగ్గితే పరుగుకు అయ్యే శక్తి ఖర్చు ఒక శాతం దాకా తగ్గుతుంది. మెత్తని నురుగు అడుగు, లోపలి కార్బన్ కడ్డీలు ఇంకొంత మిగులుస్తాయి. బెర్లిన్‌లో మగ రన్నర్లు పక్కన ఉంటారు కాబట్టి గాలిని కాచుకోవడానికి, వేగం తప్పకుండా ఉండటానికి వీలుంటుంది. మహిళలు విడిగా బయల్దేరే రేసులకు అందుకే వేరే రికార్డు ఉంది. 2025 ఏప్రిల్‌లో లండన్‌లో 2:15:50తో అదీ ఆమె పేరిట చేరింది.

బెర్లిన్ ప్రపంచ రికార్డు ఏడాది నిలిచింది. 2024 అక్టోబరులో షికాగోలో కెన్యా రన్నర్ రూత్ చెప్‌న్‌గెటిచ్ 2:09:56 నమోదు చేసింది. 2025లో డోపింగ్ కేసులో ఆమెపై మూడేళ్ల నిషేధం పడింది. పట్టుబడిన శాంపిల్ షికాగో తర్వాతి కాలానిది కావడంతో ఆ సమయాన్ని రద్దు చేయలేదు.

800 మీటర్ల నేపథ్యం ఉన్నా టిగిస్ట్ రెండు పెద్ద టైటిళ్లు చివరి స్ప్రింట్‌లోనే పోగొట్టుకుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చివరి మలుపు దగ్గర సిఫాన్ హసన్‌తో భుజాలు తగిలాయి. 3 సెకన్ల తేడాతో రజతం. ఇథియోపియా ఫిర్యాదు చేసినా ఫలితం మారలేదు. హసన్ పుట్టింది ఇథియోపియాలోనే, పరిగెత్తేది నెదర్లాండ్స్‌కు. ఆమె 800 సమయం 1:56.81, టిగిస్ట్ కంటే మెరుగు. అక్కడ ఆ మిగులు వేగం హసన్‌దే ఎక్కువ అనుకోవచ్చు. కానీ 2025 సెప్టెంబరులో టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రోడ్డు పరుగులతోనే పేరు తెచ్చుకున్న కెన్యా రన్నర్ పెరెస్ జెప్‌చిర్‌చిర్ టిగిస్ట్‌ను 2 సెకన్లతో దాటేసింది. తాజా కాళ్లతో ఎంత వేగం ఉందన్నది కాక, 42 కిలోమీటర్ల తర్వాత అందులో ఎంత మిగిలిందన్నది అక్కడ లెక్కకొచ్చింది. అలసట తర్వాత సామర్థ్యం ఎంత నిలుస్తుందన్న దీన్ని శాస్త్రవేత్తలు ఇటీవల మారథాన్ వేగాన్ని నిర్ణయించే నాలుగో అంశంగా కొలవడం మొదలుపెట్టారు.

2025 లండన్ రేసులో మాత్రం టిగిస్ట్ స్ప్రింట్ దాకా ఆగలేదు. చివరి కొన్ని కిలోమీటర్లుండగానే కెన్యా రన్నర్ జాయ్‌సిలిన్ జెప్‌కోస్‌గేను వదిలించుకుని, దాదాపు మూడు నిమిషాల తేడాతో గెలిచింది. మూడో స్థానంలో వచ్చింది హసన్. టిగిస్ట్‌కు పదును ఆఖరి 200 మీటర్లలో కంటే అంతకు ముందరి 10 కిలోమీటర్లలోనే ఎక్కువని నా అభిప్రాయం.