ఇంట్లో ఇద్దరి పిక్నిక్: అపోహలు, వాస్తవాలు

పుట్టినరోజులకి, పెళ్లిరోజులకి ఇళ్లల్లో చిన్న చిన్న డెకరేషన్లు చేయడం నా పని. హైదరాబాద్‌లో ఏడేళ్లుగా ఇదే చేస్తున్నాను. లైట్లు, బెలూన్లు, పూలే నాకు అన్నం పెడుతున్నాయి. అయినా ఇంట్లోనే చాప వేసుకుని ఇద్దరం పిక్నిక్ చేసుకుంటాం అని ఫోన్ చేసేవాళ్లలో సగంమందికి నా అవసరం ఉండదు. ఆ మాట వాళ్లకే చెప్పేస్తుంటే మావారు తల పట్టుకుంటారు.

అపోహ: ప్యాకేజీ తీసుకోకపోతే పిక్నిక్‌లా అనిపించదు.

ఒకసారి నెలాఖరులో ఒకబ్బాయి ఫోన్ చేశాడు. "అక్కా, రేపు మా మొదటి పెళ్లిరోజు. చేతిలో ఆరొందలున్నాయి. ఏమైనా అవుతుందా?" నా దగ్గర అన్నిటికన్నా చిన్న ప్యాకేజీయే రెండున్నర వేలు. ఇంట్లో ఏమేం ఉన్నాయని అడిగాను. ఒక జంపఖానా, దీపావళికి కొన్న సీరియల్ లైట్లు, ఆఫీసుకి తీసుకెళ్లే స్టీలు క్యారియర్, మంచం మీద వేసుకునే మడత దోమతెర ఉన్నాయన్నాడు. ఇంకేం కావాలి! దోమతెరని హాల్లో నేల మీద విప్పి నిలబెట్టి, దాని చుట్టూ బయటివైపు సీరియల్ లైట్లు చుట్టమన్నాను. మేము అద్దెకిచ్చే టెంటు కూడా చూడటానికి ఇంచుమించు అలాగే ఉంటుంది. పైగా మా టెంటు దోమల్ని ఆపదు. ఆ ఆరొందలూ పండ్లకి, మల్లెలకి, అరకిలో స్వీటుకి, రెండు గోలీసోడాలకి సరిపోయాయి. ఒకటే షరతు పెట్టాను: తెర దగ్గర్లో ఎక్కడా అగ్గిపుల్ల గీయకూడదు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటుంది. డెకరేషన్ తక్కువైందని ఎవరి సాయంత్రమూ పాడవలేదు. పాడయ్యేది మధ్యమధ్యలో లేవడంతో. ఉప్పు మర్చిపోయామని ఒకసారి, మంచినీళ్లకని ఒకసారి, దోమల కాయిల్ వెలిగించడానికి ఒకసారి. నాలుగోసారి లేచినవాళ్లు వంటింట్లో పోపు గిన్నె కనిపిస్తే దాన్ని కూడా కడిగేసి వస్తారు. అప్పటికి ఇక్కడ కూర్చున్న మనిషి ఫోన్‌లో పడిపోయి ఉంటారు. అందుకే ఏం కొందామన్నా నేను ఒకటే అడుగుతాను: దీనివల్ల ఒక్కసారైనా లేవడం తప్పుతుందా? తప్పితే కొనండి.

నడుము సంగతీ అంతే. ఉత్త టైల్స్ మీద దుప్పటి పరుచుకుని కూర్చుంటే ఇరవై నిమిషాలకే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. కింద బొంత, దానిమీద జంపఖానా వేసి, గోడకి రెండు దిండ్లు ఆనించండి. చేతికందే దూరంలో నీళ్ల సీసా, తడిగుడ్డ, తొక్కలు పడేయడానికి ఒక ఖాళీ గిన్నె పెట్టుకోండి. ముందురోజే పది నిమిషాలు కూర్చుని చూసుకుంటే ఏది తక్కువైందో నడుమే చెబుతుంది.

అపోహ: కొవ్వొత్తులు లేకపోతే రొమాంటిక్‌గా ఉండదు.

మన ఊళ్లలో ఏడు నెలలు ఫ్యాన్ లేకుండా కూర్చోలేం. ఫ్యాన్ వేస్తే కొవ్వొత్తి ఆగదు. ఫ్యాన్ ఆపేసి కొవ్వొత్తులు వెలిగించిన జంటని ఒకసారి చూశాను, ఇద్దరూ ఉతికిన బట్టల్లా తడిసిపోయారు. పసుపు రంగు ఎల్‌ఈడీ లైట్లు వాడుకోండి, తెల్లవార్లూ వెలిగినా కరెంటు బిల్లులో తేడా తెలియదు. నీలం రంగు మాత్రం వద్దు, పులిహోర కూడా పాచిపోయినట్టు కనిపిస్తుంది. దీపం ఉండాల్సిందే అనిపిస్తే నీళ్లు పోసిన ఇత్తడి పళ్లెంలో ఒక్కటి, గాలి తగలని మూలలో పెట్టుకోండి.

గ్యాస్ బెలూన్లు ఉన్న గదిలో అదీ వద్దు. హీలియం ఖరీదెక్కువ, అందుకని చవగ్గా దొరికేవాటిలో చాలాసార్లు హైడ్రోజన్ నింపుతారు. అది భగ్గున అంటుకుంటుంది. ఇంకొకటి, ఈమధ్య బొగ్గుల కుంపటి పెట్టుకుని గదిలోనే బార్బెక్యూ చేయొచ్చా అని అడుగుతున్నారు. చేయకూడదు. కాలే బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. ఏసీ వేసుకుని తలుపులు మూసుకున్న గదిలో ప్రాణాలే పోతాయి. ఈ విషయంలో నేను బతిమాలను, ఆర్డరే తీసుకోను.

అపోహ: పిక్నిక్ అంటే శాండ్‌విచ్‌లు, పాస్తా, చీజ్ ఉండాలి.

ఇంట్లో చేసే పిక్నిక్‌కి తిండి ఎలా ఉండాలంటే, చల్లారినా రుచి చెడకూడదు, చేత్తో తినగలగాలి, వేసవి వేడికి పాడవకూడదు. ఈ మూడూ మన రైలు ప్రయాణాల తిండికి ఎప్పటినుంచో ఉన్నాయి. పులిహోర పొద్దున కలిపితే సాయంత్రానికి పులుపు పట్టి ఇంకా బాగుంటుంది. దద్దోజనానికి మెత్తటి అన్నంలో ఎక్కువ పాలు పోసి ఒక చెంచా పెరుగే కలపండి, తినేవేళకి తోడుకుని పులవకుండా కమ్మగా ఉంటుంది. జంతికలు, ఉప్పూకారం చల్లిన జామకాయ ముక్కలు, వేసవి అయితే మామిడికాయ. మిర్చి బజ్జీ జోలికి పోకండి, చల్లారితే మెత్తబడుతుంది, వేడిగా కావాలంటే ఒకరు పొయ్యి దగ్గరే ఉండిపోవాలి.

మయోనైజ్ పూసిన శాండ్‌విచ్‌లు, చికెన్, గుడ్డు ఐటమ్స్ రెండు గంటలకి మించి బయట ఉంచొద్దు, ఎండలు ముదిరితే గంటే. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ని 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. పెళ్లిరోజున కడుపునొప్పి మనకెందుకు?

అపోహ: గులాబీ రేకులు పరవాలి.

రేకులు కాలికింద నలిగి దుప్పటికి మరకలు అంటుకుంటాయి. ఫిబ్రవరి రెండో వారంలో అయితే గులాబీల ధర అడగడానికే భయం. ఆ డబ్బుతో మల్లెమొగ్గలు కొనండి. గుడిమల్కాపూర్ మార్కెట్‌కి నేను పొద్దున్నే వెళ్తాను, మీరు మీ వీధి చివర పూలమ్మి దగ్గర మధ్యాహ్నం తీసుకున్నా చాలు. విచ్చిన పూలు కాదు, గట్టి మొగ్గలు అడగండి. తడిగుడ్డలో చుట్టి ఉంచి, సాయంత్రం ఆరింటికి ఒక గిన్నెలో పోసి జంపఖానా పక్కన పెట్టండి. చీకటి పడి మీరు పులిహోర తింటుండగా ఒక్కొక్కటే విచ్చుకుంటూ గదంతా వాసన పరుస్తాయి. నేనిచ్చే ఏ ప్యాకేజీలోనూ ఇది లేదు, ఎందుకంటే అప్పటికి నేను అక్కడినుంచి వచ్చేస్తాను.

అపోహ: సర్‌ప్రైజ్ అయితేనే మజా.

సగం చెప్పేయండి. ఆఫీసు నుంచి చెమటతో వచ్చిన మనిషి కళ్లకి గంతలు కట్టకండి. "ఏడున్నరకి హాల్లో తింటున్నాం, స్నానం చేసి రా" అంటే చాలు. హాల్లో ఏముందో వాళ్లే చూసుకుంటారు. అత్తమామలు కూడా ఇంట్లోనే ఉంటే వాళ్లకి ముందు వడ్డించి, తొమ్మిది దాటాక మీ గదిలో నేల మీద పెట్టుకోండి. మంచానికీ గోడకీ మధ్య నాలుగడుగులున్నా సరిపోతుంది.

చివరగా చీమలు. పళ్లేలు కాకుండా అరటాకులో తినండి, అయిపోగానే మడిచి బయట పడేయొచ్చు. జంపఖానాని మాత్రం బద్ధకించకుండా ఆ రాత్రే దులపండి. గోలీసోడా ఒలికిందని తెల్లారి చూసుకుందాంలే అనుకున్న ఆ ఆరొందల అబ్బాయి మర్నాడు పొద్దున్నే మళ్లీ ఫోన్ చేశాడు, "అక్కా, చీమల మందు ఏది మంచిది?" అని.